నాలుగో చెయ్యి

"ఆ కాగితంతో చేతులు తుడుచుకోకండి సార్, దాని మీద మనుషుల పేర్లున్నాయి," అంది సెక్రటరీ.

బిస్కెట్ తింటున్న డైరెక్టరు కాగితాన్ని ఉండచుట్టి పక్కన పడేశాడు. "ఇంకో కాపీ ఉంటుందిలే."

ఛీ! విలీనం పూర్తయిన మర్నాడే ఉద్యోగాల్లోంచి పీకేయబోయే నాలుగొందల మంది జాబితా అది. పదిహేడో పేరు సెక్రటరీ తమ్ముడిది. ఏడాది నిండని కూతురుంది వాడికి. ఈ పెద్దమనుషులకు అదేం పట్టింది? ఎవరికెన్ని వాటాలు, కొత్త కంపెనీలో ఎవరికే కుర్చీ, గంటన్నర నుంచీ ఇదే గోల.

బోర్డులో ఎనిమిది మంది. ఛైర్మన్‌తో కలిపి నలుగురు కంపెనీని అమ్మి వేరే కంపెనీలో కలిపేద్దామంటున్నారు. కంపెనీ పెట్టిన పెద్దాయనతో కలిపి నలుగురు వద్దంటున్నారు. ఛైర్మన్‌కి అదనపు ఓటేమీ లేదు. సరిసమానమైతే తీర్మానం వీగిపోతుంది, తమ్ముడి ఉద్యోగం నిలుస్తుంది. పెద్దాయన చెయ్యెత్తితే చాలు.

"మీకు వయసైపోయింది గురువుగారూ. ఇక విశ్రాంతి తీసుకోండి," అన్నాడు ఛైర్మన్ నవ్వుతూ.

పెద్దాయన బల్ల చరిచాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా? నీకు పని నేర్పిందే నేను!"

"నేర్పారు, కాదన్లేదు. నష్టాలు కూడా మీరే నేర్పారు."

"చీమూ నెత్తురూ లేని మనుషులు! మీ మధ్య కూర్చోవడమే నా తప్పు. ఈ పాపంలో నాకు భాగం వద్దు!" కుర్చీ వెనక్కి తోసి విసవిసా బయటికి నడిచాడు పెద్దాయన.

సెక్రటరీ లేచి వెనకాలే పరుగెత్తి లిఫ్టు దగ్గర ఆయన్ని అందుకుంది.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్క నిమిషం లోపలికొచ్చి చెయ్యెత్తండి. ఆ తర్వాత ఎంతైనా తిట్టండి!"

"నావల్ల కాదమ్మా. వాళ్ల మొహాలు చూస్తే డోకొస్తోంది." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మీ తమ్ముడికి నేనేదో ఒకటి చూస్తాలే."

ఆవిడకూ ఏడుపొచ్చింది. ఈ రొంపిలో మనిషన్నవాడు ఆయనొక్కడే, ఆయన కోపమే అందరి కొంపా ముంచింది అనుకుంది.

తిరిగొచ్చేసరికి ఓటింగు అయిపోయింది. అనుకూలం నలుగురు, వ్యతిరేకం ముగ్గురు. బిస్కెట్ డైరెక్టరు చప్పట్లు కొడుతున్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని జన్మలు!

"మినిట్స్ త్వరగా కానియ్యమ్మా," అన్నాడు ఛైర్మన్.

అక్కడ మీటింగుకు ముందురోజే ఛైర్మన్ లాయరు మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో చెప్పే నివేదిక, అచ్చువేయించి పంపడం అలవాటు. లోపల జరిగింది వేరైతే సెక్రటరీ దిద్దుకోవాలి. ఆవిడ నిన్న వచ్చిన కవరు చించి, ఎర్రపెన్ను తీసి, ఓట్ల లెక్క మార్చడానికి రెండో పేజీ తిప్పింది.

‘వ్యవస్థాపకులు ఆగ్రహంతో వెళ్లిపోయారు’ అని అందులో ముందే అచ్చయి ఉంది.