బొట్టు నిలవని ఫొటో

ఫొటోలు కూడా మనుషులతోపాటు ముసలివయ్యే కాలం వచ్చాక చెంగల్రాయుడి స్టూడియోకు పని తగ్గింది. ఎవరి జుట్టు నెరిసినా, ఎవరి పన్ను ఊడినా స్క్రీన్లే తెలుసుకొని పాత ఫొటోల్లో సైతం దిద్దేస్తున్నాయి. అతని భార్య ఆసుపత్రిలో పోయిన రోజు, కబురు రాకముందే స్టూడియోలోని ఈ స్క్రీనే ఆమె ఫొటోకు తెల్ల చామంతుల దండ వేసింది. దాన్ని అతను ఇంతవరకు క్షమించలేదు.

ఆ మధ్యాహ్నం నాగరత్నమ్మ తన భర్త షష్టిపూర్తికి ఫ్లెక్సీ చేయించడానికి వచ్చింది. దంపతుల ఫొటోలో ఆమె ముఖం పెద్దది చేసి దిద్దుతుంటే నుదుటి బొట్టు మాయమైంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పోయింది. కేబుల్ ఊడదీసి బిగించాడు, వెలుగు పెంచాడు, స్క్రీన్ ఆర్పి వెలిగించాడు. చీర ఎరుపు ఎర్రగానే ఉంది. బొట్టు మాత్రం నిలవడం లేదు.

"నీకే చూపు తగ్గిందేమో రాయుడన్నా," అని నాగరత్నమ్మ నవ్వింది. "తొందరగా కానీ. మా ఆయన బండికి చార్జింగ్ పెట్టించుకొని వస్తానన్నాడు."

చెంగల్రాయుడు ఫొటోను పక్కకు జరిపాడు. ఆమె భర్త మెడలో దండ పడి ఉంది. తన భార్యకు పడిన తెల్ల చామంతుల దండే.

నాగరత్నమ్మ చూద్దామని లేచింది. అతను వైరు పీకేశాడు.

"ఏమైందన్నా?"

"స్క్రీన్ చెడిపోయింది. కూర్చోమ్మా, టీ తాగి పోదువు."

"ఇంత ఎండలో టీ ఏందన్నా!" అంటూనే కూర్చుంది. చెమట పట్టిన నుదుటిని, బొట్టు చెరగకుండా, కొంగుతో జాగ్రత్తగా అద్దుకుంది.