ఎడమ చుట్టు

నల్లకొండ మీది పక్షులకు ఏటా ఒక పందెం. అందులో రెక్క ఆడించకూడదు. ఎండకు బండలు కాగి పైకి లేచే వేడిగాలిలో గిరగిరా తిరుగుతూ ఎత్తుకు చేరి, అక్కణ్ణుంచి చెరువుదాకా జారిపోవాలి. ఆ గాలిలోకి ముందు దూరినవాళ్లు ఎటు తిరిగితే మిగతావాళ్లూ అటే తిరగాలి. లేదంటే రెక్కలు రెక్కలు కొట్టుకుంటాయి.

నిరుడు ఆ గుంపులోనే బోడయ్య అనే రాబందు తగిలి, చుక్కి అనే గద్ద కుడిరెక్క దెబ్బతింది. అప్పట్నుంచీ చుక్కి ఎడమకే తిరగగలుగుతోంది. అందరూ తిరిగేదేమో కుడికి. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"మీరు వెళ్లండి, నేను చూస్తూంటాను," అంది చుక్కి, కొండ అంచున ముడుచుకుని.

ఈసారి అందరికంటే ముందు గాలిలోకి దూరింది బోడయ్యే. దూరి, ఎడమకి తిరిగాడు.

"ముసలాయనకి మతిపోయిందా?" అని కుర్రగద్దలు గోల పెట్టాయి.

"ముందొచ్చింది నేను. నోరు మూసుకుని తిరగండి!" అని కసిరాడు. చుక్కి వైపు మాత్రం చూడలేదు.

చుక్కి గబుక్కున అంచు వదిలి గాలిలోకి వచ్చేసింది. చుట్టుచుట్టుకీ పైకి లేచింది. బోడయ్యేమో వంకరటింకరగా తిరుగుతూ కిందే ఉండిపోయాడు.

"ఏం బాబాయ్, కష్టంగా ఉందా?" అని ఏడాది తర్వాత మొదటిసారి పలకరించింది.

"మెడ పట్టేసిందే తల్లీ! ఇన్నాళ్లూ ఒక్కదానివే ఎలా తిరిగావే?" అన్నాడు బోడయ్య.