బొద్దు అక్షరాలు

పిల్లల ఆసుపత్రిలో పాత రేకు బోర్డులు విప్పుతుంటే, వరండా బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ లేచి నిచ్చెన దగ్గరకు వచ్చింది.

"వీటినెందుకమ్మా తీసేస్తున్నారు?"

కొత్త బోర్డులు తయారుచేసిన డిజైనరు అమ్మాయి కింద నిలబడి పని చేయిస్తోంది. అది ఆమెకు సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని. పేరు వచ్చినా, చెడినా దీనితోనే.

"పాతబడిపోయాయమ్మా" అంది, నిచ్చెన మీంచి చూపు తిప్పకుండా.

నిజానికి వాటి రంగు కూడా వెలవలేదు. 'ఆటల గది', 'మందుల గది', 'అమ్మలు ఇక్కడ కూర్చోవచ్చు'... అన్నీ లావుగా, గుండ్రంగా, బుగ్గలు పూరించుకున్నట్టుండే అక్షరాలు. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు వాటిని చూసి, ఇది ఆసుపత్రా, బొమ్మల దుకాణమా అన్నాడట. సన్నగా, నాజూగ్గా ఉండే అక్షరాలు కావాలన్నాడు. అమ్మాయి అలాంటివే ఏరి పెట్టింది.

పాత అక్షరాలు ఏ ఫాంటువో తెలుసుకుందామని కంప్యూటరంతా గాలించింది కూడా. ఎక్కడా దొరకలేదు. ఆ మాటే పెద్దావిడతో చెప్పి నవ్వింది.

"ఎవరో చేత్తో గీసినట్టున్నారు. ఇవి అక్షరాలా? దిండ్లు పేర్చినట్టు లేవూ?"

పెద్దావిడ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"దిండ్లేలే తల్లీ" అంది.

విప్పినవాటిలో 'ఆటల గది' బోర్డు తనకిస్తారా అని అడిగింది.

అమ్మాయి ఇబ్బందిపడింది. ఆసుపత్రి సొత్తు, తను ఇస్తే రేపు మాటొస్తుంది. ఆఫీసులో అడగమంది. పెద్దావిడ వెళ్ళి అడిగింది. అలా ఇవ్వడం కుదరదని వాళ్ళు తేల్చేశారు.

పనివాళ్ళు బోర్డులను పాతసామాను బండి దగ్గరికి మోసుకెళ్తుంటే ఆవిడ గేటు దాకా వెంట నడిచింది. బండి ఆగినచోట ఆ 'ఆటల గది' బోర్డు మీద అరచేయి ఆనించి, నిద్రపోయే బిడ్డను తడిమినట్టు తడిమి, వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఒక కొత్త బోర్డు అంచు లేచిందని కబురొస్తే అమ్మాయి మళ్ళీ వచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది.

ఎందుకో మనసొప్పక, వార్డులో అందరికంటే పాత నర్సును అడిగింది, ఇక్కడ కూర్చునే పెద్దావిడ ఏరీ అని.

ఆవిడ రావడం మానేశారని చెప్పింది నర్సు. ఇన్నేళ్ళూ రోజూ వచ్చేవారట. ఏడ్చే పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గోడమీది అక్షరాలు వాళ్ళ వేలితో గాల్లో దిద్దిస్తుంటే, ఎంత మొండివాళ్ళయినా ఊరుకునేవారట.

"మరెందుకు మానేశారు?"

"ఏం చూసుకోవడానికి వస్తారమ్మా ఇంక?"

అమ్మాయి గొంతు తగ్గింది. ఆ పాత బోర్డులు ఎక్కడున్నాయో వెతికించనా అంది. అవి ఈపాటికి ముక్కలై కరిగిపోయి ఉంటాయంది నర్సు. ఆవిడ ఇల్లెక్కడో కూడా ఎవరికీ తెలియదట.

వెళ్ళబోతూ నర్సు ఆగింది.

"వాళ్ళబ్బాయి ఈ వార్డులోనే పోయాడమ్మా. సూది చూస్తే వణికిపోయేవాడు. మొనదేరినదేదీ వాడి కంటపడకూడదని, మంచం పక్కనే కూర్చుని, తలకట్టు కొసలు కూడా మొద్దు చేసి ఆ అక్షరాలన్నీ గీసింది ఆవిడే."