తప్పు దిద్దిన కండువా

మగ్గం మీది కండువాలో కంపెనీ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించగానే మేనేజర్ రాజశేఖర్ పకపకా నవ్వాడు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో వాళ్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ సభ. కంప్యూటర్‌కు తాత అంటూ రంధ్రాల అట్టలతో నడిచే జకార్డ్ మగ్గాన్నీ, నేసే సత్తయ్యనూ తెచ్చి కూర్చోబెట్టారు. ముఖ్య అతిథికి కండువా నచ్చితే సత్తయ్య నేతగాళ్ల సంఘానికి ఐదు వందల కండువాల పని దొరుకుతుంది.

"అట్టల రంధ్రముంటే ఒకటి, లేకుంటే సున్నా. గింతే గదా! గిది గూడ రాదా పెద్దాయనా?" అన్నాడు రాజశేఖర్.

"జర ఆగున్రి సారూ, కోసినంక..."

"కంప్యూటరోనికే పాఠం చెప్తవా? అట్టలన్నీ తిప్పు!"

సత్తయ్య తిప్పి నేశాడు. మగ్గం మీద పేరు సరిగ్గా కనిపించింది. తప్పు తానే దిద్దానని రాజశేఖర్ అతిథికి రెండుసార్లు చెప్పాడు. కోసిన కండువాను జరీ మెరిసే వైపు పైకి పెట్టి ఆమె భుజాన కప్పాడు.

హాలంతా గొల్లున నవ్వింది. పేరు తిరగబడి ఉంది.

"మేం బట్ట మొహం కిందికి పెట్టి నేస్తం సారూ, మగ్గం మీద కనబడేది ఎనుక దిక్కు," అంటూ సత్తయ్య మొదట నేసిన ముక్కను విప్పి, తిరగేసి చూపించాడు. అక్షరాలు చక్కగా ఉన్నాయి.

"ఐదు వందలూ ఇట్లనే నెయ్యండి," అని అతిథి తన కండువా తీసి రాజశేఖర్‌కు కప్పింది. "ఇది మీరు దిద్దినది కదా. సాయంత్రం దాకా తియ్యకండి."