బట్టమేక కూత

"పెద్నాయనా, ఇన్నవా?"

రజిత ఈదన్న చేయి గట్టిగా పట్టుకుంది.

అప్పుడే తెల్లవారుతోంది. మానవపాడు దగ్గర ఈదన్న బీడు పొలంలో వానకు గడ్డి మోకాళ్ల దాకా లేచింది. అవతల తుమ్మపొదల వెనక నుంచి బరువుగా, లోతుగా ఒక కూత.

హూమ్... హూమ్...

"ఇన్న బిడ్డా. ఆబోతు రంకేసినట్టుంది."

"ఆబోతు గాదు, బట్టమేక. మగపిట్ట. జోడు కోసం పిలుస్తున్నది."

బట్టమేక అంటే గొర్రెపిల్లంత పిట్ట. ఒకప్పుడు ఈ నల్లరేగడి బీళ్లలో గుంపులుగా తిరిగేదట. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఒక్కటీ లేదని పెద్దవాళ్లంతా తేల్చేశారు. పక్షుల మీద పరిశోధన చేసే రజిత మాత్రం నమ్మనని మొండికేసి, వనపర్తి నుంచి వచ్చి ఈదన్న ఇంట్లోనే మకాం పెట్టింది. మొండితనం ఫలించినట్టే ఉంది. రెండు మూడు రోజులుగా పొద్దున్నే ఇదే కూత. ఫోన్లో రికార్డు కూడా అయింది.

ఆమెకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఈదన్నకూ ఆ పిచ్చి అంటుకుంది. మిరప వేద్దామని మాట్లాడుకున్న ట్రాక్టరును రావద్దన్నాడు.

"డైనోసార్ల లెక్కనే పోయిందన్నరు. నా బీట్లనే దొరికింది సూడుండ్రి" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

అంతలో తుమ్మపొదల పక్కన గడ్డి కదిలింది.

రజిత ఫోను పైకెత్తింది.

బయటికొచ్చింది పిట్ట కాదు. ఎవరో ముసలాయన. మాసిన తలపాగా, చేతిలో కర్ర, భుజాన సంచి.

"పాయె. పిట్ట బెదిరి ఉంటది," అంది రజిత. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ఈదన్న ఎదురెళ్లి నిలదీశాడు. "ఎవరివి నువ్వు? పొద్దుగాల్నే నా బీట్లేం పని?"

"నాది ఈ ఊరు గాదు. గిట్లనే తిరుగుతుంట."

"జర దూరం పో తాతా," అంది రజిత. "ఈడ బట్టమేక ఉంది. రోజూ కూస్తున్నది."

ముసలాయన కళ్లు మెరిశాయి. గబగబా దగ్గరికొచ్చాడు.

"నిజంగనా బిడ్డా? నీ చెవులతోని ఇన్నవా? ఏ దిక్కు?"

రజిత తుమ్మపొదలు చూపించింది. "గాడ్నే. ఇప్పుడే కూసింది."

ఆయన అటు చూశాడు. చూస్తూ చూస్తూనే మొహం చిన్నబోయింది.

"మరి ఆడపిట్ట ఏమన్న కండ్లవడ్డదా? కూతకు వచ్చిందా?"

"లేదు తాతా."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఈదన్న వినే స్థితిలో లేడు. "నీ ముచ్చట్లు తర్వాత. మల్ల ఈ దిక్కు రాకు" అంటూ రోడ్డు దాకా తోలి వచ్చాడు.

మర్నాడు కూత లేదు. ఆ మర్నాడూ లేదు.

"గా ముసలోడే బెదరగొట్టిండు," అని ఈదన్న పళ్లు నూరాడు.

రజితకు ఆశ చావలేదు. బస్టాండు దగ్గర చాయ్ హోటలు నడిపే లక్ష్మీదేవమ్మ చిన్నప్పటి నుంచీ ఆ బీళ్లలోనే గొర్లు మేపిన మనిషి. ఆమెకు ఫోన్లో కూత వినిపించింది.

"అవ్వా, ఈ పిట్ట ఏ దిక్కు పోయి ఉంటది?"

లక్ష్మీదేవమ్మ ఫోను చెవికి ఆనించుకుని విన్నది. విని నవ్వింది.

"ఇది పిట్ట గాదు బిడ్డా, మనిషి. గొర్లు మేపేటప్పటి సంది ఈ కూత నాకెరుకే. తలపాగా కట్టుకున్న ముసలాయన. మొన్న ఈన్నే చాయ్ తాగి కర్నూలు దిక్కు బస్సెక్కిండు. ఏ ఊరు పోయిండో తెల్వదు."

రజిత రెండు మూడు పొద్దుల సంబరమంతా ఒక్కసారిగా కూలింది.

"మనిషా? మనిషికి గట్ల కూసే పనేంది అవ్వా?"

లక్ష్మీదేవమ్మ చాయ్ గ్లాసు ఆమె ముందు పెట్టింది.

"పడుసు వయసుల గట్లనే కూసి, దగ్గరికొచ్చిన పిట్టలను వలేసి పట్టెటోడు. ఇప్పుడు యాడన్న ఒక్కటి మిగిలిందేమోనని, బీడు బీడు తిరిగి పిలుస్తుండు."