కొత్త రూపుకు పాత పిడి

ఆ కాలానికి ఖరీదైన కార్లు కంపెనీ చెప్పిన తేదీకి వాటంతటవే ఆకారం మార్చుకునేవి. ఒకప్పుడు ఏడేళ్లకోసారి వచ్చే కొత్త రూపు, పోటీ పెరిగి మూడు నెలలకోసారి రాసాగింది.

విశాఖలో వరూధినమ్మ గారి డ్రైవరు పైడిరాజుకి ఆ తేదీ అంటేనే గుండె దడ. మతిమరుపు ముదిరిన ఆవిడ పోయినసారి "ఇది మన బండి కాదు" అంటూ ఎక్కనని మొండికేశారు. ఇంకో బండి తెచ్చినా ఎక్కలేదు. రెండుసార్లు డయాలసిస్ తప్పి ప్రాణం మీదికి వచ్చింది.

ఈసారి అతను కంపెనీకి ఫోన్ చేసి బతిమాలాడు. మార్పు ఆపలేమనీ, ఏదైనా ఒక్క భాగాన్ని మాత్రం మొదట కొన్నప్పటిలా ఉంచుతామనీ అన్నారు. ముందువైపు దీపాలు అడగబోయి ఆగాడు. ఆవిడ ఏనాడూ బండి ముందువైపుకి వెళ్లింది లేదు. వెనక తలుపు పిడి అడిగాడు.

ఆ ఉదయం వాకిట్లో కారు గుర్తుపట్టలేనట్టు ఉంది. ఆవిడ మెట్టు మీదే ఆగిపోయారు.

"ఎవరిదిరా ఇది?"

"మనదేనమ్మా. ఓపాలి తలుపు తియ్యండి, మీకే తెలుస్తాది."

ఆవిడ అనుమానంగానే పిడి పట్టుకున్నారు. వేళ్లు దాన్ని కాసేపు తడిమాయి. తర్వాత తలుపు తీసుకుని లోపల సర్దుకు కూర్చున్నారు.

"నిలబడ్డావేం? ఆస్పత్రికి ఆలస్యమవుతుంది."

"ఎల్దామమ్మా" అన్నాడు పైడిరాజు కళ్లు తుడుచుకుంటూ. ఇక మూడు నెలలు నిశ్చింత.