పాత మిషిన్ గరగర

"ఆపు! ఆపవయ్యా! గిది దరువా, డబ్బాల గులకరాళ్ళా?"

ఆ కేక వెనక బెంచీ నుంచి వచ్చింది. అమీర్‌పేటలో ఓ ఇన్‌స్టిట్యూట్, రెండో అంతస్తు. గది నిండా కుర్రకారు. ఫ్రీ డెమో ఇంకా సగం కూడా కాలేదు. ల్యాప్‌టాప్ ముందున్న రాకేశ్ బీట్ ఆపి తలెత్తాడు.

తెల్ల చొక్కా, నెరిసిన మీసాలు, చేతిలో గోనెసంచి. ఆ పెద్దాయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

అమీర్‌పేటలో ఎవరు ఎప్పుడు ఏం నేర్పుతారో దేవుడికే తెలియాలి. రాకేశ్ నేర్పేది బీట్లు. అంతవరకూ అతను చెబుతున్నది ఇదీ:

"పాత శాంప్లర్ మిషిన్లు ఉంటుండె. డప్పు దెబ్బను అండ్ల రికార్డ్ చేసి, మీటలు నొక్కి వాయించేటోళ్ళు. అండ్ల జాగ మస్తు తక్కువ. అందుకే స్పీడ్ పెంచి రికార్డ్ చేసి, మళ్ల స్లో చేసి వాయిస్తుండె. గప్పుడు సౌండ్ జర అరిగి, గరగరమంటది. గా గరగర కోసమే ఇయ్యాల అందరు పడి చస్తున్నరు. మిషిన్ లేకుండ, ఒట్టి సాఫ్ట్‌వేర్‌తోని అదే గరగర నేను తెప్పిస్త."

సరిగ్గా అక్కడే పెద్దాయన అడ్డుపడ్డాడు.

అసలే రాకేశ్ బతుకు ఈ డెమోల మీద ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఓనరు హనుమత్ప్రసాద్ పొద్దున్నే మొహం మీద చెప్పేశాడు. "చూడండి రాకేశ్ గారూ, ఇవాళ, రేపు రెండు డెమోలు పెట్టుకోండి. జనం చేరకపోతే సోమవారం నుంచి ఈ గది పైథాన్ కోర్సు వాళ్ళది. నా దగ్గర మొహమాటాల్లేవు." ఇప్పుడాయన తలుపు దగ్గరే చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఏమైంది పెద్దాయనా? నీ ప్రాబ్లం ఏంది?" అన్నాడు రాకేశ్.

"నువ్వే నా ప్రాబ్లం. రాజనర్సయ్య అంటరు నన్ను. శ్రీనగర్ కాలనీల పాటల రికార్డింగులకు గీ మిషిన్ మీద ఏండ్లకేండ్లు దరువేసిన. దీని గరగర నీ ల్యాప్‌టాప్‌ల వస్తదా? పోరగాండ్లను ముంచుతున్నవ్ రా, దొంగోడా!"

సంచిలోంచి బూడిదరంగు మిషిన్ బయటికొచ్చింది. దాని రబ్బరు మీటలు అరిగి నున్నబడ్డాయి.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు బెంచీలో ఒకడు బ్యాగు సర్దుకున్నాడు. హనుమత్ప్రసాద్‌కి చిర్రెత్తుకొచ్చింది. "ఏంటండీ ఈ గోల? వాచ్‌మన్‌ని పిలవనా?"

"వద్దు సార్, ఉండనియ్యుండ్రి. గీయన సంగతి ఈడనే తేలుస్త." రాకేశ్ పెద్దాయన వైపు తిరిగాడు. "దమ్ముందా నీకు? ఒకటే డప్పు దెబ్బ, నీ మిషిన్‌ల ఎక్కిస్త, నా ల్యాప్‌టాప్‌ల సుత ఎక్కిస్త. నువ్వు గోడ దిక్కు తిరుగు. ఏది నీదో చెప్పు చూద్దాం."

"నా పిల్లను నాకే చూపిచ్చి ఎవరి పిల్ల అంటవా? పెట్టు! కానీ నువ్వు వాయించొద్దు. నిన్ను నమ్మ. గీ బిడ్డ వాయించాలె."

ఆ బిడ్డ పేరు రవళి. మధురానగర్ హాస్టల్ నుంచి డెమో చూద్దామని వచ్చింది. భయపడుతూనే లేచింది. రాకేశ్ ఒకే డప్పు దెబ్బను రెండింట్లోనూ ఎక్కించి, వైర్లు తగిలించి పక్కకు జరిగాడు. రాజనర్సయ్య గోడ వైపు తిరిగాడు.

రవళి ఒకటి వాయించింది. గది అదిరింది. తర్వాత రెండోది. అది మోగుతున్నంతసేపూ పెద్దాయన వేళ్ళు తొడ మీద ఆడాయి. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళ చెవులకి రెండూ ఒకటే.

"ఇంకోసారి వాయించాలా తాతా?"

"అక్కర్లేదమ్మ. మొదటిదే నాది. రెండోది ఉత్త ప్లాస్టిక్."

రవళి వైర్ల వంక మళ్ళీ ఒకసారి చూసుకుంది. "తాతా... మొదటిది ల్యాప్‌టాప్."

గది గొల్లుమంది. ఎవడో ఈల వేశాడు. ఇటు తిరిగిన రాజనర్సయ్య మొహం నల్లబడిపోయింది.

రాకేశ్ వదల్లేదు. "ఏండ్లకేండ్లు వాయించినవ్ కద! నీ మిషిన్‌నే నువ్వు గుర్తుపట్టకపోతివి. చెవులు పోయినంక ఇంట్ల కూసోవాలె. గిట్ల మందిల పడి ఇజ్జత్ తీసుకుంటరా?"

"అయ్యో, అంత మాటెందుకు సార్?" అంది రవళి.

"ఒప్పుకున్నమ్మ. ఆయన డబ్బనే గెలిచింది," అన్నాడు పెద్దాయన. మిషిన్‌ని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంత బరువు మోస్తూ మెట్లు దిగుతుంటే ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు.

అందరూ రాకేశ్ బల్ల మీద పడ్డారు. ఇందాక బ్యాగు సర్దుకున్నవాడే అందరికంటే ముందు పేరు రాయించుకున్నాడు. రవళి కూడా రాయించుకుంది కానీ రాకేశ్ మొహం చూడలేదు. ఆమెకి అతనంటే ఒళ్ళు మండిపోతోంది. కానీ ఆ సౌండ్ కావాలి, ఏం చేస్తుంది?

"అదరగొట్టారండీ!" హనుమత్ప్రసాద్ భుజం తట్టాడు. "రేపు కూడా ఇలాగే నిండితే గది మీదే. పైథాన్ వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

గది ఖాళీ అయ్యాక రాకేశ్ కిందికి దిగి రోడ్డు దాటాడు. పంజాగుట్ట వైపు వెళ్ళే బస్టాపులో రాజనర్సయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. రాకేశ్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

పెద్దాయన తలెత్తలేదు. "ఏంది, తిట్టేది ఇంకేమన్న మిగిలిందా?"

"రేపు జర లేటుగ ఓడిపో బాపూ, ఇయ్యాల మరీ తొందరగ ఒప్పుకున్నవ్," అంటూ సంచి అందుకుని భుజానికేసుకున్నాడు కొడుకు.